మంద పాఠాలు – 6: గొర్రెపిల్లని విడదీశాక తల్లి పాలు ఇంకిపోవాలంటే

మూడు నెలలు నిండేసరికి గొర్రెపిల్లలకి మేత, దాణా బాగా అలవాటు చెయ్యాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఇప్పుడు తల్లి సంగతి. విడదీసిన రోజు అందరి కళ్లూ పిల్ల మీదే ఉంటాయి, అది రెండు రోజులు అరిచి మేతలో పడిపోతుంది, కానీ పొదుగు నిండిపోయి తాగే పిల్ల లేక నిలబడ్డ తల్లిని ఎవరూ చూడరు. అసలు భయం దాని గురించే.

పాలు తగ్గించే పని విడదీయడానికి అయిదు రోజుల ముందే మొదలవ్వాలి. తల్లులకి దాణా ఆపెయ్యండి, తవుడు, ఉలవలు, నూనెచెక్క ఏదీ వద్దు. మన శ్రీకాకుళం వైపు వరి కోసిన మడుల్లో మినుము, పెసర వేస్తాం కదా, అవి తీసేశాక మిగిలే ఆకూ కాయా గొర్రెకి ఎంత ఇష్టమైనా, ఈ రెండు వారాలూ తల్లుల్ని అటు తోలొద్దు. కొయ్యకాళ్లు (కోశాక మిగిలే వరి మొదళ్లు), ఎండు వరిగడ్డి చాలు. సత్తువ మేత తగ్గితే పాలూ తగ్గుతాయి. నీళ్లు కూడా ఒక రోజు ఆపాలని కొందరంటారు, మన ఎండలకి ఆ మాట అస్సలు వినకండి. మందలో పొట్టేలు ఎప్పుడూ కలిసే తిరుగుతుంది కాబట్టి కొన్ని తల్లులు మళ్లీ చూలుతో ఉండొచ్చు, అలాంటివాటినీ, బక్కచిక్కిన వాటినీ మరీ మాడ్చకండి.

పిల్లలు అలవాటైన దొడ్డిలోనే ఉండాలి, కదలాల్సింది తల్లులు. అరుపు వినపడనంత దూరం ఉంటే మంచిది, పిల్ల గొంతు వింటే పాలు చేపుతాయి. ఎవరి పొలంలోనైనా ఎరువు కోసం మంద కడుతున్న రోజులైతే రాత్రిళ్లు తల్లుల్ని అక్కడే ఉంచెయ్యొచ్చు.

ఇక ముఖ్యమైన మాట, పాలు పితకొద్దు. మొదట్లో నాకిది తెలీదు. ఒక గొర్రె పొదుగు బిగిసి కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే చూడలేక రోజూ సాయంత్రం పూర్తిగా పితికేవాణ్ని. పదిహేను రోజులైనా పాలు ఆగలేదు, చివరికి ఒక చన్నుకి పొదుగువాపు వచ్చి ఆ వైపు గట్టిపడిపోయింది, తర్వాతి ఈతలో పిల్ల ఒక చన్నే తాగింది. పొదుగు నిండి ఉండటమే పాలు ఆగడానికి కారణం. లోపల ఒత్తిడి పెరిగితే పాలు తయారవడం తగ్గుతుంది, ఖాళీ చేస్తే పొదుగు మళ్లీ పాలు తయారు చేస్తుంది. మరీ రాయిలా అయితే బిగువు సడలేంత మాత్రం ఒక్కసారి తియ్యండి, ఖాళీ చెయ్యొద్దు.

రోజూ రెండుసార్లు చేతి వెనకవైపు పొదుగుకి ఆనించి చూడండి. రెండు, మూడు రోజులు రెండు వైపులా సమానంగా బిగువుగా ఉంటే కంగారు లేదు, ఆ తర్వాత మెత్తబడుతుంది, వారం పది రోజులకి తోలు ముడతలు పడి వేలికి జారుతుంది. ఒక వైపే కాలుతున్నా, ఎర్రబడినా, వెనక కాలు కుంటినా, చుక్క తీస్తే నీళ్లలానో గడ్డల్లానో వచ్చినా ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించాలి, లేదంటే పశువైద్య సాయం నంబరు 1962 కి ఫోన్ చెయ్యండి. పొదుగు చల్లబడి నీలంగా మారితే గంట కూడా ఆగొద్దు, గొర్రె ప్రాణానికే ముప్పు. పడుకునే చోటు మాత్రం పొడిగా ఉంచండి, తడి పేడలో పడుకున్న గొర్రెకి చన్ను మొన నుంచే రోగం ఎక్కుతుంది.

పొదుగు ముడతలు పడ్డాకే మేత మెల్లగా పెంచండి. మళ్లీ చూలు కట్టే ముందు తల్లికి ఒళ్లు ఎలా పట్టించాలో 7వ పాఠంలో చూద్దాం, అప్పటికి ప్రతి తల్లి నడుం ఎముక మీద చెయ్యి పెట్టి ఎంత కండ తగులుతోందో రాసి ఉంచండి.