యాసిడ్ పోయగానే దగ్గు, కళ్ల మంట: కారణం, పరిష్కారం

సమస్య: బాత్రూమ్ కడుగుతుంటే గొంతు పట్టేసి ఆగకుండా దగ్గొస్తుంది, కళ్ల వెంట నీళ్లు కారతాయి. ముక్కుకి బ్లీచింగ్ వాసన కొడుతుంది.

చేతిలోది అక్కడే వదిలేసి బయటికి రండి. నీళ్లు కొట్టేసి వద్దామని ఆగొద్దు. ఘాటు పోతుందని ఫినాయిలూ అదీ పోయొద్దు. ఇంట్లో కిటికీలన్నీ తీసి, పూర్తిగా గాలాడేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వొద్దు. కళ్లు మండితే మంచినీళ్లతో పావుగంట కడగాలి. ఆయాసం వస్తే, దగ్గు తగ్గకపోతే, ఉబ్బసం ఉన్నవాళ్లయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. కొందరికి కొన్ని గంటల తర్వాత ముదురుతుంది.

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. బ్లీచింగ్, యాసిడ్ కలిసి క్లోరిన్ గ్యాస్ వచ్చింది. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే. సీసా వెనక రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. వెనిగర్, నిమ్మరసం కూడా బ్లీచింగ్‌తో కలవకూడదు.

"మేం కలపలేదండీ" అంటారు. నిజమే చెబుతారు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తీశాక విజయవాడ సింగ్ నగర్‌లో ఓ ఇంటికి వెళ్లాను. బకెట్లు, మగ్గులు, సీసాలు అన్నీ చూశాను, తప్పేమీ కనిపించలేదు. వారానికి మళ్లీ పిలిచారు. అప్పుడు నీళ్లు పోయే జాలీ ఎత్తితే కింద ట్రాప్‌లో, అంటే డ్రైనేజీ గాలి పైకి రాకుండా నీళ్లు నిలిచే చోట, తెల్లటి బురద పేరుకుని ఉంది! వరద తర్వాత చల్లిన బ్లీచింగ్ పౌడర్ అది. పౌడర్ మొత్తం కరగదు, సున్నం అడుగున దిగుతుంది, కరగని ఉండలు అందులోనే ఉండిపోతాయి. బోరు నీళ్ల ఉప్పు చారలకని టైల్స్ మీద పోసిన యాసిడ్ పోయేదీ ఆ జాలీలోకే. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కూర్చుని రుద్దే మనిషికి ముందు తగులుతుంది. గుమ్మంలో నిలబడ్డవాళ్లు "వాసనేం లేదే" అంటారు. ఆ మాట నమ్మొద్దు.

పరిష్కారం: గాలాడాక, ఏమీ పోయని రోజు, గ్లవ్స్ వేసుకుని జాలీ ఎత్తండి. బురద తోడేసి నాలుగు బకెట్ల ఉత్త నీళ్లు పోయండి. కమోడ్‌లో నిలిచే నీళ్లనీ రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి. బ్రష్ పెట్టే డబ్బా అడుగునా చూడండి, అక్కడ కూడా మిగులుతుంది. ఇకముందు పౌడర్‌ని పొడిగా చల్లొద్దు. బకెట్ నీళ్లలో కలిపి, తేరాక పైన నీళ్లు మాత్రమే వాడండి. అసలు బ్లీచింగ్ వాడే బాత్రూమ్‌లో యాసిడ్ పెట్టుకోకండి.

కుళ్లిన కోడిగుడ్డు వాసన అయితే అది వేరే సంగతి. ట్రాప్ ఎండి డ్రైనేజీ గాలి పైకొస్తోంది, మగ్గుడు నీళ్లు పోస్తే చాలు.