స్టెంట్ తర్వాత మళ్లీ మాస్టర్స్ ఈతకు

మాస్టర్స్ అంటే పెద్దవాళ్లకు వయసుల వారీగా జరిగే ఈత పోటీలు. గుండెకు స్టెంట్ వేయించుకున్నాక వాటికి మళ్లీ వెళ్లాలంటే, ముందు గుండె డాక్టరు దగ్గర ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, "పోటీ ఈతకు వెళ్లవచ్చా?" అని సూటిగా అడగండి. "వ్యాయామం చేయవచ్చు" అన్న జవాబు సరిపోదు. బైపాస్ అయినవాళ్లు ఛాతీ ఎముక అతికిందని డాక్టరు చెప్పేదాకా చేతులు తిప్పే ఈత జోలికి పోకూడదు.

మెడ లోతు నీళ్లలో దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి, గుండెకు పని పెరుగుతుంది. చల్లనీళ్లయితే ఇంకా ఎక్కువ. అందుకే ఒక్కసారిగా దూకకుండా మెట్ల మీదుగా నెమ్మదిగా దిగండి.

మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, 25 మీటర్లు చొప్పున ఎనిమిది సార్లు, మధ్యలో 45 సెకన్ల విశ్రాంతి చాలు. గోడ దగ్గర ఆగినప్పుడు ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లు వాచీలోని నాడి లెక్కను నమ్మకండి. ఆ మందు నాడిని పెరగనివ్వదు. నాడి తక్కువ చూసి, తేలికగా ఉందనుకుని చాలామంది వేగం పెంచేది ఇక్కడే. ఊపిరి బిగబట్టే సాధనలు పూర్తిగా మానేయండి, మూడుసార్లు చేయి తిప్పాక కాదు, రెండుసార్లు తిప్పగానే శ్వాస తీసుకోండి.

ఛాతీ బరువు, దవడ నొప్పి, తల తిరగడం కనిపిస్తే వెంటనే బయటికి వచ్చి కూర్చోండి, అంబులెన్సుకు 108కి ఫోన్ చేయించండి. ఒంటరిగా ఎప్పుడూ ఈదవద్దు.

పోటీల్లో తొలి ఏడాది 50 మీటర్లు చాలు. మాస్టర్స్ నియమాల ప్రకారం నీళ్లలోంచే గోడను తన్ని మొదలుపెట్టవచ్చు. సిగ్గుపడనక్కర్లేదు, డైవ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.