గేమ్ డిస్కులో ఉన్నా లైబ్రరీలో కనిపించకపోతే: స్టీమ్‌లో ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

విండోస్ విస్టా, విండోస్ 7 రోజుల్లో గేములన్నింటినీ ఒకచోట చూపించే గేమ్స్ ఎక్స్‌ప్లోరర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉండేది. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803లో దాన్ని తొలగించారు. ఇప్పుడు పీసీలో గేములను సర్దుకోవాలంటే చాలామందికి స్టీమ్ వంటి లాంచరే (గేములను కొని, దించుకుని, నడిపించే ప్రోగ్రామే) ఆధారం. ఆ లాంచర్‌లో మనకు కనిపించే లైబ్రరీ నిజానికి ఒక పద్దు పుస్తకం వంటిది: ఏ గేము ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ రాతకూ డిస్కులోని ఫైళ్లకూ పొంతన తప్పినప్పుడే కింది సమస్యల్లో ఎక్కువ భాగం తలెత్తుతాయి. అలాంటప్పుడు సరిచేయవలసింది ఆ రాతనే. రోజుకు రెండు జీబీల మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే ఇంట్లో వంద జీబీల గేమును మళ్లీ దించుకోవడం అయ్యే పని కాదు.

సమస్య: ఒక డ్రైవ్‌లోని గేములన్నీ హఠాత్తుగా ‘ఇన్‌స్టాల్’ అని చూపిస్తున్నాయి

ముందుగా ఇన్‌స్టాల్ బటన్ నొక్కకుండా ఆగాలి. నొక్కితే స్టీమ్ ఆ గేమును సీ డ్రైవ్‌లోకి కొత్తగా దించడం మొదలుపెట్టే అవకాశం ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, గేములున్న డ్రైవ్‌కు ఇప్పుడు ఏ అక్షరం ఉందో చూడాలి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వాడేవారి విషయంలో కారణం తరచూ ఇక్కడే దొరుకుతుంది: ముందుగా గుచ్చిన పెన్‌డ్రైవ్ ‘ఈ’ అక్షరాన్ని ఆక్రమించుకోగా, గేముల డ్రైవ్ ‘ఎఫ్’గా మారిపోతుంది, స్టీమ్ మాత్రం తన దగ్గర రాసి ఉన్న ‘ఈ’లోనే వెతికి, ఏమీ కనిపించక, గేములు లేవని తేల్చేస్తుంది.

స్టీమ్‌ను పూర్తిగా మూసివేసి, స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లాలి. అక్కడ ఆ డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ ద్వారా పాత అక్షరాన్ని తిరిగి ఇవ్వాలి. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంటే ‘ఎస్’ వంటి చివరి అక్షరాల్లో ఒకదాన్ని కేటాయించి, స్టీమ్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో ఆ డ్రైవ్‌ను కొత్తగా చేర్చుకోవడం మేలు, ఎందుకంటే పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా అంత దూరపు అక్షరం దాకా రావు. విండోస్ ఉన్న సీ డ్రైవ్ అక్షరాన్ని మాత్రం ఎన్నడూ కదిలించకూడదు.

విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక గేములు కనిపించకపోవడానికి కారణం ఇంకా సులువైనది: కొత్త స్టీమ్‌కు పాత డ్రైవ్ సంగతి తెలియదు. స్టోరేజ్ విభాగంలోనే ‘యాడ్ డ్రైవ్’ ద్వారా దాన్ని చూపిస్తే, అందులోని స్టీమ్‌లైబ్రరీ ఫోల్డర్‌ను గుర్తించి గేములను తిరిగి జాబితాలో చేరుస్తుంది.

సమస్య: ఫోల్డర్ పేరు మార్చాక, లేదా గేమును చేత్తో కాపీ చేశాక అది తెరుచుకోవడం లేదు

స్టీమ్ లైబ్రరీ ఫోల్డర్‌లో ఉండే స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌ను తెరిస్తే అందులో ‘యాప్‌మానిఫెస్ట్’ అనే పేరుతో మొదలై, ఒక సంఖ్యతో ముగిసే చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. గేముకొకటి చొప్పున ఉండే ఆ సంఖ్యే స్టీమ్‌లో ఆ గేము గుర్తింపు: డోటా 2కు 570, కౌంటర్ స్ట్రైక్ 2కు 730. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘ఇన్‌స్టాల్‌డిర్’ అనే వరుసలో గేము ఫోల్డర్ పేరు రాసి ఉంటుంది. గేము అసలు ఫైళ్లేమో పక్కనే ఉన్న ‘కామన్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి.

చక్కగా సర్దుకుందామన్న ఉత్సాహమే ఇక్కడ కొంప ముంచుతుంది. డోటా 2 ఫోల్డర్ పేరు నేటికీ ‘డోటా 2 బీటా’యే; కౌంటర్ స్ట్రైక్ 2 ఫైళ్లు ‘కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ ఆఫెన్సివ్’ అనే పాత పేరు మీదే ఉన్నాయి. చూడటానికి బాగాలేదని ఆ పేర్లను మారిస్తే ఇన్‌స్టాల్‌డిర్‌తో పొత్తు కుదరదు. పాత పేరును అక్షరం తేడా లేకుండా తిరిగి పెట్టడమే దీనికి పరిష్కారం. అందంగా కనిపించాలన్న కోరికను లాంచర్ లోపల తీర్చుకోవాలి గానీ డిస్కులో కాదు.

‘కామన్’ ఫోల్డర్‌ను మాత్రమే కాపీ చేసుకుని, మానిఫెస్ట్ ఫైళ్లను వదిలేసినవారు కూడా దిగులు పడనక్కరలేదు. గేము ఫోల్డర్‌ను కొత్త లైబ్రరీలోని ‘కామన్’లో అదే పేరుతో ఉంచి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కి, ఆ డ్రైవ్‌నే ఎంచుకోవాలి. స్టీమ్ అక్కడున్న ఫైళ్లను పరిశీలించి, లేనివీ పాతబడినవీ మాత్రమే దించుకుంటుంది. ఆ తర్వాత కూడా గేము మొరాయిస్తే, ప్రాపర్టీస్‌లోని ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లో ‘వెరిఫై ఇంటిగ్రిటీ’ని ఒకసారి నడపాలి. ఇకపై గేమును వేరే డ్రైవ్‌కు మార్చదలచినప్పుడు, అదే చోట ఉన్న ‘మూవ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్’ను వాడితే ఫైళ్లతోపాటు మానిఫెస్ట్ కూడా కదులుతుంది.

సమస్య: ‘డిస్క్ రైట్ ఎర్రర్’ వస్తోంది

పాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అయితే దాని ఫార్మాట్‌ను చూడాలి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఒక్కొక్క ఫైల్ 4 జీబీలకు మించకూడదు. నేటి గేముల్లో అంతకంటే పెద్ద ఫైళ్లు మామూలే. విండోస్‌లోని ‘కన్వర్ట్’ ఆదేశం డేటాను చెరపకుండానే ఆ పరిమితి లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోకి మారుస్తుంది, అయినా ముఖ్యమైన ఫైళ్ల నకలు ముందే తీసుకోవాలి. ఎక్స్‌బాక్స్ యాప్ గేములను అదే డ్రైవ్‌లో పెట్టుకోవాలన్నా ఎన్‌టీఎఫ్‌ఎస్ తప్పనిసరి. ఫార్మాట్ సరిగానే ఉంటే, స్టోరేజ్ విభాగంలోని ‘రిపేర్ ఫోల్డర్’ ఫైళ్ల అనుమతులను సరిచేస్తుంది.

సమస్య: కలెక్షన్‌లోకి గేమును చేర్చబోతే చేరడం లేదు

లైబ్రరీలో గేములను గుంపులుగా సర్దుకునే విభాగమే కలెక్షన్. దాని పేరు పక్కన మెరుపు గుర్తు ఉందేమో చూడాలి. ఉంటే అది డైనమిక్ కలెక్షన్. మీరు పెట్టిన ఫిల్టర్లకు సరిపోయే గేములను అదే చేర్చుకుంటుంది, చేత్తో చేర్చనివ్వదు. ఫిల్టర్లను మార్చాలి, లేదా మామూలు కలెక్షన్‌ను సృష్టించుకోవాలి. ‘యాక్షన్’, ‘అడ్వెంచర్’ అంటూ జాతులవారీగా విడదీయడం కంటే ‘ఇప్పుడు ఆడుతున్నవి’, ‘పూర్తయినవి’, ‘మిత్రులతో ఆడేవి’ వంటి మూడు నాలుగు కలెక్షన్లే చివరిదాకా ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

సమస్య: స్టీమ్‌లో కొనని గేముకు పెట్టిన బొమ్మలు మాయమయ్యాయి

‘యాడ్ ఎ నాన్-స్టీమ్ గేమ్’ ద్వారా చేర్చిన గేములకు స్టీమ్ తానే ఒక అంకెను ఇస్తుంది. మీరు పెట్టిన బొమ్మలు ఆ అంకెతోనే స్టీమ్ ఫోల్డర్‌లో ఉండే ‘యూజర్‌డేటా’లోని ‘గ్రిడ్’ ఫోల్డర్‌లో భద్రమవుతాయి. గేము ఫైల్ వేరే చోటికి మారిందని పాత ఎంట్రీని తీసివేసి కొత్తగా చేరిస్తే అంకె మారిపోయి, బొమ్మలు అనాథలవుతాయి. ఎంట్రీని తొలగించకుండా ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’, ‘స్టార్ట్ ఇన్’ వరుసలను మాత్రమే మార్చాలి. నిలువు ముఖచిత్రానికి 600 × 900 పిక్సెళ్ల బొమ్మ అయితే అంచులు తెగవు. విండోస్‌ను మళ్లీ వేసే ముందు, స్టీమ్‌ను మూసివేసి యూజర్‌డేటా ఫోల్డర్ నకలును వేరే చోట ఉంచుకోవాలి.

సమస్య: దాచిన గేము దొరకడం లేదు

పైన ఉన్న ‘వ్యూ’ మెనూలో ‘హిడెన్ గేమ్స్’ను ఎంచుకుంటే కనిపిస్తుంది. దాచడం వల్ల గేము మీ జాబితాలో మాత్రమే కనుమరుగవుతుంది. మీరు ఏ గేము ఆడుతున్నారో స్టీమ్ మిత్రులకు తెలియకూడదనుకుంటే ‘మార్క్ యాజ్ ప్రైవేట్’ను వాడాలి.

సమస్య: డెస్క్‌టాప్‌పై గేముల ఐకాన్లు తెల్ల కాగితాల్లా మారాయి

స్టీమ్ సృష్టించే షార్ట్‌కట్ నేరుగా గేము ఫైల్‌ను కాక స్టీమ్‌లోని గేము సంఖ్యను చూపుతుంది, ఐకాన్ బొమ్మను స్టీమ్ ఫోల్డర్‌లోని వేరొక చిన్న ఫైల్ నుంచి తీసుకుంటుంది. ఆ ఫైల్ పోతే ఐకాన్ తెల్లబడుతుంది గానీ, షార్ట్‌కట్ యథావిధిగా పనిచేస్తుంది. పాతదాన్ని తీసివేసి, లైబ్రరీలో గేముపై రైట్ క్లిక్ చేసి, ‘మేనేజ్’లోంచి డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌ను మళ్లీ సృష్టించాలి. అప్పటికీ మారకపోతే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘చేంజ్ ఐకాన్’ నొక్కి, గేము అసలు ప్రోగ్రామ్ ఫైల్‌ను చూపిస్తే సరిపోతుంది.