కొండ బాట వెతకడం, దాన్ని బతికించడం ఎలా?

బెజవాడలో నడవడానికి చోటెక్కడుందని అడిగేవాళ్లకి ముందు రైల్వే స్టేషన్ దగ్గరి గాంధీ హిల్ చూపిస్తాను. అది ఆయాసం లేకుండా ఎక్కగలిగితే కొండపల్లి. గుంటూరు వాళ్లకి కొండవీడు ఉంది, కానీ ఘాట్ రోడ్డు మీద కారులో పైదాకా వెళ్లి దాన్ని ట్రెక్కింగ్ అనకండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు (స్టీలు సీసాలోనే), టోపీ, పట్టున్న బూట్లు, చెత్త ఏరడానికి గోనెసంచి. ప్లాస్టిక్ కవరు తెస్తే ముళ్లకి చిరిగి అదే చెత్తవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి, ఆరింటికల్లా కొండ కింద ఉండండి. ఆరుగురికి మించితే అది నడక కాదు, ఊరేగింపు.

బాటని ఫోన్ మ్యాప్‌లో వెతక్కండి, మేకలు కాసేవాళ్లని అడగండి. "బాబాయ్, ఇది పైకి పోతుందా?" అంటే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "మేకకైతే పోద్ది" అన్నాడు. ఆ మాట మ్యాప్ చెప్పదు. కొండపల్లి అడవి రిజర్వ్ ఫారెస్ట్. లోపలికెళ్లాలన్నా, కింద చెప్పే పని చేయాలన్నా అటవీ సిబ్బంది సరేననాలి.

ఇక అందరూ పాడుచేసే పని, అడ్డదారి మూయడం.

కొండ బాట వంపులు తిరిగేది వాలు తగ్గడానికి. తొందరపడి ఒకడు రెండు వంపుల మధ్య నిట్టనిలువుగా దిగుతాడు, వాడి వెనకే పదిమంది. గడ్డి చస్తుంది, వాన నీళ్లకి అదే దారవుతుంది. నేను చూస్తుండగా ఒక చోట అరచేతి లోతు చార ఒక్క వానాకాలంలో మోకాలి లోతు కాల్వయింది. పక్కనున్న చెట్టు వేళ్లు సగం గాల్లోనే ఉన్నాయి.

చాలామంది దీన్ని కింద మూస్తారు. అడ్డంగా దిగేవాడు పైనుంచి వస్తాడు కదా! ముందు పైన మూయాలి. ఎండి రాలిన ముళ్లకంపే వాడండి, పచ్చి కొమ్మ నరకొద్దు. పైనుంచి చూస్తే అది దారిలా కనబడనంత మేర పరవాలి.

తర్వాత కాల్వకి అడ్డంగా రాళ్లు, ఇవీ పైనుంచే మొదలు. రాయిని నేల మీద పెట్టి వదిలేస్తే మొదటి వానకే దొర్లిపోతుంది. మూడో వంతు మట్టిలో దిగాలి. వరస మధ్యలో పల్లంగా, అంచుల్లో ఎత్తుగా ఉండాలి. అటూ ఇటూ సమంగా పేరిస్తే నీళ్లు పక్క గట్టుని కోసుకుని ఇంకో కాల్వ తవ్వుతాయి. రాయి తీసేటప్పుడు అవతలి అంచు ఎత్తి మీ వైపుకి దొర్లించండి, కింద తేలుంటే అటే పోతుంది. కొండపల్లి ఖిల్లా గోడ రాళ్లు మాత్రం ముట్టుకోవద్దు. దగ్గర్లో ఉన్నాయి కదా అని వాటినే మోసుకొచ్చినవాళ్లని చూశాను.

టీషర్టులు, బ్యానర్లతో వచ్చే క్లీనింగ్ డ్రైవ్‌లంటే నాకు పడదు. చెత్తతోపాటు ఎండుటాకులూ ఊడ్చి తగలబెడతారు. వానదెబ్బని ఆపేది ఆ ఆకులే. ఫొటో అయ్యాక బ్యానరు చెట్టుకే ఉంటుంది.

మొదటి పెద్ద వాన తర్వాత మళ్లీ వెళ్లి చూడండి. రాళ్ల వెనక మట్టి చేరితే పేర్పు కుదిరినట్టు. పక్కన కోత పడితే అంచులు ఇంకో రాయి ఎత్తు పెంచాలి.