పాత పోర్షే 911: తాళం చెవి అందుకునే ముందు

కొత్త పోర్షే 911 షోరూం ధరే మన దేశంలో రెండు కోట్ల దరిదాపుల్లో ఉంది. పదిహేనేళ్లు తిరిగిన 911 అందులో చిన్న వాటాకే దొరుకుతుంది. ఆ తేడా చూసి మనసు పారేసుకున్నవాళ్లు హైదరాబాద్‌లో నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. కారు ధర పడిపోయింది గానీ దాని సామాను ధర పడిపోలేదన్న సంగతి వాళ్లకు మొదటి సర్వీసు బిల్లు వచ్చాక గానీ తెలియలేదు. బ్రేకు డిస్కులైనా, రేడియేటరైనా, గేరుబాక్సు పనైనా, అన్నీ రెండు కోట్ల కారు లెక్కలోనే ఉంటాయి. ఏనుగును కొని అంకుశానికి వెనకాడే తత్వమైతే ఈ బేరం జోలికి పోకపోవడమే మంచిది. నన్నడిగితే, మీరు అనుకున్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టి, మిగిలినదానితోనే కారు వెతకండి. ఆ ఐదో వంతు మొదటి ఏడాదిలోనే ఖర్చయిపోతుందని ముందే మనసుకు చెప్పుకోండి. మిగిలితే సంతోషం.

చల్లటి ఇంజిన్

రెండేళ్ల కిందట ఒక మిత్రుడితో కలిసి తెల్లటి 997 (911లో 2004లో వచ్చిన తరం) చూడటానికి వెళ్లాను. చెప్పిన వేళకు పది నిమిషాల ముందే చేరాం. కారు అద్దంలా మెరుస్తోంది. వెనక ఇంజిన్ మూత మీద చెయ్యి పెడితే బాగా వెచ్చగా తగిలింది. "ఇప్పుడే కడిగించాం సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. కారు కడగడానికి ఇంజిన్ వేడెక్కాల్సిన పని లేదు. రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పి వచ్చాం. పొద్దున ఫోను చేస్తే వేరే పార్టీకి బుక్కయిందన్నారు. రెండు నెలల తరువాత కూడా అదే కారు, అదే ఫొటోతో, ధర కాస్త తగ్గి ప్రకటనల్లో కనిపించింది.

ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండాలని ఎందుకు పట్టుబట్టాలంటే, వేడెక్కిన ఇంజిన్ తన జబ్బులు దాచుకుంటుంది. 911లో ఆరు సిలిండర్లు నిలువుగా కాకుండా ఇటు మూడు, అటు మూడు పడుకుని ఉంటాయి. రాత్రి ఆగి ఉన్నప్పుడు కొద్దిగా ఆయిల్ సిలిండర్లలోకి జారి, పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున పొగ రావడం ఈ ఇంజిన్లకు మామూలే. దానికి భయపడకండి. ఆ పొగ ఆగకుండా తెల్లగా వస్తూనే ఉంటే మాత్రం ఆయిల్ ఆవిరిని వేరుచేసే భాగం పోయి ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడు టకటకమనే చప్పుడు విన్నా, సైలెన్సర్ గొట్టాల్లో ఒకవైపు మరోవైపు కన్నా మసి ఎక్కువ కనిపించినా ఇంకా పెద్ద అనుమానానికే చోటుంది. బోర్లు, అంటే సిలిండర్ల లోపలి గోడలు, గీతలు పడ్డాయేమో చూడాలి.

ఏ ఏడాది బండి

911 అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. 1997 చివరలో వచ్చిన 996 తరంతో ఈ కారు గాలితో చల్లబడే ఇంజిన్‌ను వదిలి నీటితో చల్లబడేదానికి మారింది. 2004లో 997 వచ్చింది, 2011లో 991 వచ్చింది. మన దగ్గర పాత బేరాల్లో ఎక్కువగా తగిలేవి 997, 991 తరాలు, వాటి తమ్ముళ్లు బాక్‌స్టర్, కేమన్. 2008 వరకు వచ్చిన కరేరా (911లో మామూలు రకం) ఇంజిన్లలో రెండు పేరుమోసిన బలహీనతలున్నాయి.

మొదటిది మధ్యలో తిరిగే ఇరుసు బేరింగు. క్రాంక్ షాఫ్ట్ శక్తిని గొలుసుల ద్వారా క్యామ్ షాఫ్టులకు అందించేది ఈ ఇరుసే. దీని ఒక చివర మూతపెట్టిన బాల్ బేరింగు మీద ఆని ఉంటుంది. లోపలి గ్రీజు ఏళ్ల తరబడి కరిగిపోతుంది, బయటి ఆయిల్ సరిగ్గా లోపలికి చేరదు. బేరింగు ముక్కలైన రోజున టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లను ఢీకొంటాయి. అంతటితో ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే. అమెరికాలో 2001-05 మధ్య తయారైన కార్ల యజమానులు దీనిమీద కోర్టుకు కూడా వెళ్లారు. తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారైతే క్షేమమని అనుకోవడానికీ లేదు, షెడ్డులో నెలల తరబడి నిలబడి ఉన్న కార్లలోనూ ఈ బేరింగు పోయింది. క్లచ్ మార్చేటప్పుడు గేరుబాక్సు ఎలాగూ దించుతారు, అప్పుడే బేరింగు కూడా మార్చడం పద్ధతి. అందుకని క్లచ్ బిల్లు చూపించమనండి. బేరింగు సంగతి అందులో రాసి ఉండాలి. 2006-08 మధ్య వాటిలో కాస్త పెద్ద, గట్టి బేరింగు వేశారు గానీ ఇంజిన్‌ను రెండుగా విప్పితే తప్ప అది బయటికి రాదు.

రెండోది బోర్ల గీతలు. 2005-08 నాటి 3.8 లీటర్ల కరేరా ఎస్‌లో ఇది ఎక్కువ. సిలిండరు లోపలి గోడ దెబ్బతిని, పిస్టన్ దాన్ని గీరుకుంటూ పోతుంది. ఆయిల్ తాగుతుంది, చప్పుడు చేస్తుంది, చివరికి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. సన్నని కెమెరా గొట్టాన్ని సిలిండర్లలోకి దింపి చూడటమే దీనికి పరీక్ష. స్పార్క్ ప్లగ్గు రంధ్రం నుంచి చూస్తే అడుగు భాగం సరిగ్గా కనపడదు, ఇంజిన్ అడుగునున్న ఆయిల్ తొట్టి (సంపు) విప్పి కింది నుంచి చూడమనండి. ఒక పూట పని. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఇక మాట్లాడేదేమీ లేదు.

2009 మోడల్ నుంచి కొత్త ఇంజిన్ వచ్చింది. అందులో ఆ మధ్య ఇరుసే లేదు. డబ్బు సరిపోతే 2009 తరువాతి బండికే మొగ్గండని నా సలహా. 911లోనే ఖరీదైన రకాలైన పాత టర్బో, జీటీ3 కార్లలో ఉండేది వేరే ఇంజిన్. దాన్ని రూపొందించిన ఇంజినీరు హాన్స్ మెజ్గర్ పేరుతోనే అందరూ పిలుస్తారు. దానికి ఈ బేరింగు జబ్బు లేదు. అలాగని నిర్లక్ష్యం కూడదు, నీటి గొట్టాల కీళ్లను జిగురుతో అతికించారు. వేడికి జిగురు వదిలేస్తే కూలెంట్ మొత్తం రోడ్డు పాలవుతుంది. కీళ్లను వెల్డింగ్ చేయించారా, పిన్నులు వేయించారా అని అడగండి. 2014లో 991 జీటీ3 కార్లు 785 వెనక్కి పిలిపించి కంపెనీయే ఇంజిన్లు మార్చింది. ఆ ఏటి జీటీ3 ఎదురైతే ఇంజిన్ నంబరు, కాగితాలు సరిచూడాలి.

కంప్యూటర్ చెప్పే చాడీలు

ఈ కారు ఇంజిన్ కంప్యూటరుకు జ్ఞాపకశక్తి ఎక్కువ. పోర్షే పరీక్ష యంత్రం తగిలిస్తే, ఇంజిన్ ఎన్నిసార్లు హద్దు మీరి తిరిగిందో ఆరు మెట్లుగా చూపిస్తుంది. మొదటి రెండు మూడు మెట్లు హుషారుగా నడిపిన గుర్తులు, వాటిని వదిలేయండి. నాలుగు నుంచి పైన అంకెలుంటే జాగ్రత్త పడాలి. చేత్తో గేరు వేసే కార్లలో ఐదు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండులోకి దించితే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి, ఏ నియంత్రణా ఆపలేదు. ఆఖరిసారి అది ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచాక జరిగిందో కూడా నమోదై ఉంటుంది. 1,800వ గంటలో జరిగి, ఇప్పుడు 2,400 గంటలు నడిచి ఉంటే ఆ ఆరువందల గంటలు ఇంజిన్ తట్టుకున్నట్టే. నిన్నమొన్న జరిగిందైతే వదిలేయండి.

అదే లెక్కతో మీటరు తిప్పారో లేదో పట్టుకోవచ్చు. మీటరు మీది కిలోమీటర్లను ఇంజిన్ నడిచిన గంటలతో భాగించండి. సగటు గంటకు ముప్పై, నలభై కిలోమీటర్లు వస్తే నమ్మదగింది. పన్నెండు వస్తే? మా గచ్చిబౌలి ట్రాఫిక్‌ను తప్పుపట్టే ముందు మీటరును అనుమానించండి.

పైన పటారం, లోన లొటారం అనిపించే కార్లలో వరదలో మునిగినవే ముందుంటాయి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ నీట మునిగాయి. సెల్లార్లలో నిలిపిన కార్లు ఎన్ని తడిశాయో లెక్కలేదు. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే ముందు మునుగుతుంది. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడండి, బురద చార ఉంటే చివర్లో ఉంటుంది. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ అడుగు వాసన, దీపాల లోపలి తేమ ఎవరూ పూర్తిగా తుడవలేరు.

ముందు బంపరులోని పెద్ద రంధ్రాల్లోకి టార్చి వేయండి. రేడియేటర్లు అక్కడే ఉంటాయి, ఆకులూ చెత్తా చేరి కుళ్లి వాటిని తినేస్తాయి. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసి అరగంట ట్రాఫిక్‌లో నడిపి, ఉష్ణోగ్రత ముల్లు చూడండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు 3519 అని ఉంటే అది 2019లో 35వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా సరే, ఆరేళ్లు దాటితే మార్చాల్సిందే. పసుపు రంగు బ్రేకు క్యాలిపర్లు (డిస్కును నొక్కిపట్టే భాగాలు) కనిపిస్తే మురిసిపోకండి, వాటితో ఉండేవి సిరామిక్ డిస్కులు. బాగుంటే చాలా ఏళ్లు వస్తాయి, అంచు పగిలిందంటే ఆ సెట్టు ధరకు మామూలు కొత్త కారు వస్తుంది.

కాగితాలు

ఇంజిన్ పోతే డబ్బుతో బాగు చేసుకోవచ్చు, కాగితం తప్పయితే కారే పోతుంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుంఖోర్' పేరుతో, భూటాన్ నుంచి దొంగదారిన తెచ్చి ఇక్కడ రిజిస్టరు చేశారన్న అనుమానం ఉన్న ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్నారు. వాటిని కొన్నవాళ్లలో సినిమా నటులూ ఉన్నారు. కాబట్టి విదేశం నుంచి నేరుగా వచ్చిన కారైతే కస్టమ్స్ సుంకం కట్టిన పత్రం అసలు ప్రతి చూడాలి. 911 ఛాసిస్ నంబరు డబ్ల్యూపీ0 అక్షరాలతో మొదలవుతుంది. అద్దం కింద, తలుపు దగ్గర, ఆర్‌సీలో, సర్వీసు పుస్తకంలో ఆ నంబరు ఒక్కటే ఉండాలి. పోర్షే సర్వీసు కేంద్రానికి ఆ నంబరు ఇచ్చి పాత సర్వీసుల చరిత్ర అడగండి.

దిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లకు కష్టకాలం, అందుకే ఆ వయసుకు దగ్గరపడినవి దక్షిణాదికి దిగుతాయి. పన్ను తక్కువని పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించినవీ తిరుగుతుంటాయి. వేరే రాష్ట్రం కారును ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం (ఫారం 28) తేవాలి, మన రాష్ట్రంలో మళ్లీ రిజిస్టరు చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ పన్నుకు కారు అసలు విలువ, వయసు ఆధారం. ఎంతవుతుందో అడ్వాన్సు ఇచ్చాక కాకుండా ముందే ఆర్టీఏ కార్యాలయంలో కనుక్కోండి. చవకగా కనిపించిన దిల్లీ కారు, పన్ను కలిపితే స్థానిక కారు కన్నా ప్రియం కావడం నేను చూశాను.

ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని ఆ పేరు తీయించే ఫారం 35, బ్యాంకు లేఖ రెండూ లేకుండా ముందుకు వెళ్లకండి. కారు పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు యజమానివే కావాలి. "ఓనరు దుబాయ్‌లో ఉన్నాడు, ముందే సంతకాలు పెట్టి వెళ్లాడు" అని బ్రోకరు చెబితే, ఆ దుబాయ్ ఓనరుతో వీడియో కాల్‌లో మాట్లాడండి. చలాన్లు చూడండి, ఈ కార్ల మీద వేగం చలాన్లు దండలు కట్టి ఉంటాయి. "సగం క్యాష్ ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి, రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పైగా రేపు గొడవైతే మీరిచ్చిన ఆ సగానికి రుజువుండదు.

పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (బీమా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కారుతో పాటు మీకు రాదు, ప్రీమియం లెక్క కొత్తగా వేయించుకోండి. వానకాలంలో నీళ్లు లాగిన ఇంజిన్‌కు మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు, ఇంజిన్ రక్షణ విడిగా తీసుకోవాలి. ఈ వయసు కారుకు అది ఏ కంపెనీ ఇస్తుందో కొనకముందే నాలుగు చోట్ల అడగండి. కారు మీ పేరుకు మారిన పద్నాలుగు రోజుల్లోపు బీమా కూడా మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఎంత మనసు లాగినా కారును సెల్లార్‌లోనే ఉండనివ్వండి. బావమరిది ఒక్క రౌండు వేసొస్తానన్నా సరే.