కాలనీలో పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ క్లాసు పెట్టడం ఎలా?

పెద్దవాళ్లకు ఫోన్ నేర్పమంటే చాలామంది చేసేది ఒకటే. ఫోన్ అందుకుని, టకటకా నాలుగు చోట్ల నొక్కి, "చూశారా, ఇంతే" అని తిరిగి చేతిలో పెట్టేస్తారు. అలా చూస్తే పని చేతికి రాదు. మంచి క్లాసులో ఫోన్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంటుంది. మోసాల సంగతీ అంతే. ఎన్ని రకాల మోసాలున్నాయో చదివి వినిపిస్తే భయం పెరుగుతుంది తప్ప, ఆ కాల్ వచ్చిన రోజు వేలు కదలదు. కాల్ కట్ చేయడం చేత్తో సాధన చేయించాలి.

చోటు, వేళ, సామాను

పది పన్నెండు మందికి మించి తీసుకోకండి. ముగ్గురికి ఒకరు చొప్పున నలుగురు సహాయకులు కావాలి. కాలనీలోని డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలు ఈ పనికి బాగా పనికొస్తారు. అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలైనా, శాఖా గ్రంథాలయమైనా, పెన్షనర్ల సంఘం ఆఫీసైనా సరే. మెట్లు ఎక్కే పని లేకుండా, బాత్రూమ్ దగ్గర్లో ఉంటే చాలు. వేళ పొద్దున పదిన్నర. అప్పటికి టిఫిను, మందులు అయిపోతాయి, భోజనానికి ఇంకా టైముంటుంది. వారానికి రెండు రోజుల చొప్పున నాలుగు వారాలు, క్లాసుకు గంటంబావు, మధ్యలో టీ. రోజూ పెడితే ఇంటి దగ్గర సాధన చేసుకునే వ్యవధి ఉండదు. వారానికి ఒక్కసారే పెడితే నేర్చుకున్నది మరుగున పడుతుంది.

రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మూడు టైప్-సీ ఛార్జర్లు, పాత ఫోన్ల కోసం ఒక మైక్రో యూఎస్‌బీ ఛార్జరు, ఒక వైట్‌బోర్డు, మనిషికో నోటుబుక్కు, లావుగా రాసే పెన్నులు, కొంచెం తడిగుడ్డ. ప్రొజెక్టర్ వద్దు. గోడ మీద కనబడే తెర, తమ చేతిలో ఉన్న తెర ఒకలా లేకపోతే "నాది పాడైపోయిందేమో" అనుకుంటారు. ఇంటర్నెట్ ఎవరి ప్యాక్ వాళ్లదే వాడనివ్వండి. ఒక్క ఫోన్ హాట్‌స్పాట్ మీద పన్నెండు ఫోన్లు లాగవు.

సహాయకులకు ముందే రెండు మాటలు చెప్పండి. కనబడిన వాళ్లందరినీ "తాతయ్యా, అమ్మమ్మా" అని పిలవొద్దు. హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషికి "మాస్టారూ" అనో "సార్" అనో పిలిపించుకోవడమే హాయి. తెలియకపోతే పేరు పక్కన "గారూ" చాలు. రెండోది, వాళ్లు అందిస్తున్నా సరే ఫోన్ చేతిలోకి తీసుకోవద్దు. "పైన కుడివైపు మూడు చుక్కలున్నాయి చూడండి, దాని మీద ఒకసారి ముట్టుకోండి" అని నోటితోనే దారి చూపాలి.

పేర్లు రాసుకునేటప్పుడు

ఫోన్ మోడల్, దగ్గరి చూపు కళ్లజోడు ఉందా, వినికిడి ఎలా ఉంది, తెలుగు చదువుతారా ఇంగ్లీషా, జీమెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఫోన్‌లో యూపీఐ ఉంటే ఎవరు పెట్టిచ్చారు అని అడగండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఏ రకమైన పిన్ను మీ కాగితం మీద ఉండకూడదు. క్లాసు తరఫున ఎవరూ ఫోన్ చేసి ఓటీపీ అడగరని మొదటి రోజే గట్టిగా చెప్పండి. వాట్సాప్ గ్రూపు పెడితే అందులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్ చేయండి.

ఇక్కడ చిక్కు జీమెయిల్ పాస్‌వర్డే. దాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయి ఎప్పుడో పెట్టి ఉంటాడు. ప్లేస్టోర్ ఏదో ఒక రోజు అడుగుతుంది, ఎవరికీ గుర్తుండదు. క్లాసుకు వచ్చే ముందే ఇంట్లో కనుక్కుని, ఇంట్లోనే రాసి దాచుకుని రమ్మనండి.

మొదటి క్లాసు: ఫోన్‌ను మనిషికి తగ్గట్టు సర్దడం

"నేను నొక్కితే పనిచేయదు, మనవడు నొక్కితే పనిచేస్తుంది" అనే మాట ప్రతి క్లాసులో వినబడుతుంది. దానికి కారణాలున్నాయి. వయసుతో వేలి చర్మం పొడిబారుతుంది, టచ్ స్క్రీన్‌కు ఆ స్పర్శ సరిగ్గా అందదు. తడిగుడ్డకు వేలు అద్ది కాస్త తుడుచుకుని నొక్కితే తేడా తెలుస్తుంది. ఇంకా పెద్ద కారణం, పాత ల్యాండ్‌లైన్ బటన్‌లాగా గట్టిగా, ఎక్కువసేపు నొక్కడం. ఫోన్ దాన్ని ముట్టుకోవడంగా తీసుకోదు, అదిమిపట్టడంగా లెక్కేస్తుంది. యాప్ తెరుచుకోదు. ఐకాన్ కదులుతుంది, లేదా చిన్న మెనూ పైకి లేస్తుంది. కంగారులో ఇంకోసారి గట్టిగా నొక్కుతారు, ఐకాన్ ఇంకో పేజీకి పోతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి "టచ్ అండ్ హోల్డ్ డిలే" అన్నది "లాంగ్"కు మార్చించండి. ఫోన్ కంపెనీని బట్టి ఇది ఉండే చోటు మారుతుంది, సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు గడిలో "టచ్" అని కొడితే దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతో సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

తర్వాత ఇవి వరసగా చేయించండి, అన్నీ వాళ్ల వేలితోనే:

1. డిస్‌ప్లేలో అక్షరాల సైజు పెంచడం. పూర్తిగా చివరిదాకా లాగితే కొన్ని యాప్‌లలో బటన్లు తెర బయటికి పోతాయి. చివరికి ఒక మెట్టు ముందు ఆపండి.
2. తెర ఆరిపోయే సమయాన్ని 30 సెకన్ల నుంచి 2 నిమిషాలకు మార్చడం.
3. నావిగేషన్‌ను కింద మూడు బటన్లు కనబడే పద్ధతికి మార్చడం. అంచు నుంచి వేలితో తోసే పద్ధతి వణికే చేతులకు కష్టం.
4. మొదటి పేజీలో ఆరేడు ఐకాన్లే ఉంచడం.
5. తెరకు తాళం. వేలిముద్ర అరిగిపోయిన వాళ్లకు నంబరు పిన్నే మేలు. ఇది యూపీఐ పిన్, ఏటీఎం పిన్ రెండింటికీ వేరుగా ఉండాలి.
6. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాకు వెళ్లి ఆటో డౌన్‌లోడ్ తీసేయడం. గుడ్ మార్నింగ్ బొమ్మలతో, దేవుడి వీడియోలతో మెమరీ నిండిపోయిన ఫోన్‌లో ఏ పాఠమూ సాగదు.

ఫోన్ భాష తెలుగులోకి మార్చాలా అన్నది ఎవరికి వాళ్లను అడగండి. ఇంగ్లీషు అక్షరాలు రాని వాళ్లకు మార్చడమే మంచిది. ఏళ్లుగా ఇంగ్లీషులో అలవాటైన వాళ్లకు మారిస్తే ఉన్నదీ పోతుంది, ఇంట్లో పిల్లలు కూడా సాయం చేయలేరు.

ప్రతి పనికీ నోటుబుక్కులో ఒక పేజీ. మెట్లన్నీ వాళ్లే, వాళ్ల చేతిరాతలో, ఐకాన్ బొమ్మ గీసుకుని రాసుకోవాలి. అచ్చు కాగితాలు పంచితే సంచిలోనే ఉండిపోతాయి.

కాల్స్, వాట్సాప్

రెండు, మూడు క్లాసులు వీటికి చాలు. నంబరు సేవ్ చేయడం, వాయిస్ మెసేజ్, వీడియో కాల్, ఫోటో పంపడం. తెలుగు టైపింగ్‌కు జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) తెలుగు చేర్చి, మైక్ గుర్తు నొక్కి మాట్లాడటం నేర్పండి. అక్షరాలు వెతుక్కునే బాధ తప్పుతుంది. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించి, ఆ ఆరంకెల పిన్ ఇంట్లో రాసి పెట్టుకోమనండి. ప్రైవసీలో కాల్స్ దగ్గర తెలియని నంబర్లను నిశ్శబ్దం చేసే మీట ఉంటుంది, అది తప్పక వేయించండి.

లైఫ్ సర్టిఫికెట్

అక్టోబరు, నవంబరుల్లో క్లాసు పెడితే జీవన్ ప్రమాణ్‌ను నాలుగో క్లాసుగా పెట్టుకోండి. పెన్షనర్లు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లోనే ఇచ్చే పద్ధతి అది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పెన్షన్) పెన్షనర్లకు ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర పెన్షనర్లు తమ ట్రెజరీ పద్ధతి కనుక్కుని రావాలి.

ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు ప్లేస్టోర్ నుంచే దించుకోవాలి. ఆధార్, పీపీవో (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, పెన్షన్ ఖాతా నంబరు దగ్గరుండాలి. ముఖం గుర్తించడం తప్పడానికి ఎక్కువసార్లు వెలుతురే కారణం. వీపు వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, నెమ్మదిగా రెప్ప వేయమనండి. పెన్షన్ మంజూరు చేసిన శాఖను, ఇచ్చే బ్యాంకును తప్పుగా ఎంచుకుంటే ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) వచ్చాక కూడా తిరస్కరిస్తారు. ఎస్ఎంఎస్ వచ్చింది కదా అని వదిలేయకుండా, ఆమోదమైందో లేదో కొద్ది రోజుల తర్వాత చూసుకోవాలి.

యూపీఐ

పెన్షన్ పడే ఖాతాను యూపీఐకి కలపొద్దు. చిన్న మొత్తం, అయిదు వేలో పది వేలో ఉంచే రెండో ఖాతా ఉంటే దాన్నే కలపమనండి. సాధన 1 రూపాయితో. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరికొకరు పంపుకోవాలి. పిన్ కొట్టేటప్పుడు సహాయకుడు మొహం పక్కకు తిప్పుకుని నిలబడాలి, అదే ఒక పాఠం.

ఇక్కడ చాలామంది నేర్పే మాటలో చిన్న లోపం ఉంది. "డబ్బు పంపడానికి మాత్రమే పిన్" అని చెప్తారు. తీరా బ్యాలెన్స్ చూడబోతే కూడా పిన్ అడుగుతుంది. దాంతో వాళ్లకు ఆ నియమం మీదే నమ్మకం పోతుంది. సరిగ్గా ఇలా రాయించండి: "డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూడటానికి పిన్ కావాలి. డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మన డబ్బు పోతుంది, రాదు."

కాల్ కట్ చేయడం: రెండో క్లాసు నుంచి ప్రతిసారీ చివరి పది నిమిషాలు

మోసాల పాఠాన్ని ఆఖరి క్లాసుకు నెట్టకండి. రెండో క్లాసు నుంచే మొదలు పెట్టాలి. ఒక సహాయకుడు బయటికి వెళ్లి, మోసగాడిలా ఒక్కొక్కరికి ఫోన్ చేస్తాడు. "మీ పేరు మీద పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి", "ఈ రాత్రి మీ కరెంటు కట్ అవుతుంది", "కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది", "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది". పది సెకన్లలో కట్ చేయాలి. సంజాయిషీ ఇవ్వకూడదు, "మా అబ్బాయిని అడిగి చెప్తాను" అని కూడా అనకూడదు. ఆ మాటకు అవతలివాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

చాలామంది మొదటిసారి కట్ చేయలేరు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం మన పెద్దవాళ్లకు మర్యాద తప్పినట్టు అనిపిస్తుంది. మోసగాళ్ల బలమంతా ఆ మర్యాదే. నాలుగైదుసార్లు చేయించాక ఆ సంకోచం పోతుంది. వేలు తడబడేవాళ్లకు పవర్ బటన్‌తో కాల్ ఆగేలా యాక్సెసిబిలిటీలో పెట్టొచ్చు, శాంసంగ్‌లో అయితే అది ఫోన్ యాప్ సెట్టింగుల్లో ఉంటుంది. వాట్సాప్ వీడియో కాల్ వేరుగా సాధన చేయించండి. అందులో ఎర్ర బటన్ కాసేపటికి మాయమవుతుంది, తెర మధ్యలో ఒకసారి ముట్టుకుంటే మళ్లీ వస్తుంది.

వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదని అందరి నోటా పలికించండి. 2024 అక్టోబరు 27 మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా దీని గురించే హెచ్చరించారు. యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కూర్చున్నవాడు "ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అంటే అక్కడే విషయం తేలిపోయింది.

ఏపీకే ఫైళ్లకు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) ఒక పూట కేటాయించండి. పెళ్లి పత్రిక, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా పేర్లతో వస్తాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కుకుని ఉంటుంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోకూడదు. పొరపాటున ఇన్‌స్టాల్ అయితే వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు, దొంగ నంబర్లు అక్కడే కాపు కాస్తుంటాయి. బ్యాంకు నంబరు కార్డు వెనకో పాస్‌బుక్కు మీదో ఉన్నదే వాడాలి. మన బ్యాంకుల అసలు వెబ్‌సైట్ల చిరునామాలు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి.

డబ్బు పోతే

నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 1930 అని రాయించండి, అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. డబ్బు పోయిన నిమిషమే దానికి ఫోన్ చేయాలి. దొంగలు సొమ్మును ఖాతా నుంచి ఖాతాకు మారుస్తూ పోతారు, అది ఏదో ఒక ఖాతాలో ఉండగానే బ్యాంకు ఆపగలగాలి. బ్యాంకు పేరు, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరు అడుగుతారు. ఇవి ఎస్ఎంఎస్‌లో, యాప్‌లో ఎక్కడుంటాయో క్లాసులోనే, ఆ 1 రూపాయి లావాదేవీ తెరిచి వెతికించండి. తర్వాత బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోవాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా డబ్బు పోయి మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మన మీద పడదు. మనమే ఓటీపీ చెప్పేసినా, ఫిర్యాదు ఇచ్చాక జరిగే నష్టం బ్యాంకుదే. కాబట్టి ఎంత ఆలస్యమైందని అనిపించినా చెప్పి తీరాలి.

చెప్పకుండా దాచేది సిగ్గుతో. "ఈ వయసులో ఇంత తెలివితక్కువగా" అని పిల్లలు అంటారేమోనన్న భయంతో. ఏడో క్లాసుకు కొడుకులనూ కూతుళ్లనూ పిలవండి, దూరంలో ఉంటే వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. వాళ్లకు చెప్పాల్సిందల్లా ఒకటి: అమ్మానాన్నలు ఫోన్ చేసి "మోసపోయాను" అంటే "ఎందుకు నమ్మారు" అని అడగొద్దు, "1930కి చేశారా" అని అడగండి.

ఎనిమిదో క్లాసు అయిపోయాక

శనివారం ఒక గంట సహాయ బల్ల పెట్టండి. ఫోన్ అప్‌డేట్ అయితే ఐకాన్లు మారిపోతాయి, సెట్టింగ్స్ పేర్లు మారిపోతాయి. నేర్చుకున్నవాళ్లు అక్కడే ఆగిపోయి మళ్లీ ఫోన్ మనవడి చేతికి ఇచ్చేస్తారు. వచ్చినవాళ్ల నోటుబుక్కు తెరిపించి, మారిన పేజీని కొట్టేయించి, పక్క పేజీలో కొత్త మెట్లు వాళ్ల చేతే రాయించండి.