ఇంజిన్ కంప్యూటర్ పాడైందని తేల్చుకోవడం, మార్చడం ఎలా?

మినీవ్యాన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. పావుగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ లైటు ఒకరోజు వెలుగుతుంది, మర్నాడు వెలగదు. ప్లగ్గులు మార్చారు, పెట్రోలు పంపు మార్చారు, ఒకటి రెండు సెన్సర్లు కూడా మార్చారు. చివరికి ఎవరో ఒకరు "ఇక కంప్యూటరే పోయి ఉంటుంది" అంటారు.

ఆ మాట విన్నాక తొందరపడకండి. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, పాడవుతుంది కానీ అరుదుగా. దానికి కరెంటు సరిగా అందకపోయినా, ఎర్తు వదులైనా, ఎక్కడో ఒక సెన్సర్ షార్ట్ అయినా అచ్చం అది పోయినట్టే కనిపిస్తుంది. అందుకే ముందుగా మిగతా అనుమానాలన్నీ తీర్చుకోవాలి. ఏమీ మిగలనప్పుడే కంప్యూటర్ జోలికి వెళ్లాలి.

ఈ పనికి డిజిటల్ మల్టీమీటర్, చిన్న టెస్ట్ ల్యాంపు, బండిలో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్, మీ మోడల్‌కు, ఆ సంవత్సరానికి సరిపోయే వైరింగ్ డయాగ్రమ్ కావాలి. డయాగ్రమ్ లేకుండా మొదలుపెట్టవద్దు. చాలా ఈసీయూలకు వందకు పైగా పిన్నులుంటాయి. వాటిలో ఊహ మీద మీటరు పెడితే బాగున్నది కూడా పాడవుతుంది.

ముందు లైటు, తర్వాత స్కానర్

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా ఈసీయూకు కరెంటు అందడం లేదు, లేదా ఈసీయూ పనిచేయడం లేదు.

తర్వాత డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించండి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తుంది, 4వ పిన్ను ఎర్తు. స్కానర్ అసలు వెలగకపోతే ముందు ఆ సాకెట్ ఫ్యూజు చూడండి. స్కానర్ వెలిగి, బ్రేకుల మాడ్యూల్ (బ్రేకులను చూసుకునే కంప్యూటర్) లాంటివి జవాబిస్తూ, ఇంజిన్ మాడ్యూల్, అంటే ఈసీయూ, ఒక్కటే మాట్లాడకపోతే అనుమానం బలపడుతుంది. అప్పుడు మిగతా మాడ్యూళ్లలో యు0100 కోడ్ కనిపిస్తుంది. ఇంజిన్ మాడ్యూల్‌తో సంబంధం తెగిందని దాని అర్థం. ఎందుకు తెగిందో అది చెప్పదు. పి0601, పి0605, పి0606 కోడ్‌లు మాత్రం ఈసీయూ లోపలి మెమరీ గురించో ప్రాసెసర్ గురించో చెబుతాయి. అవి కూడా బ్యాటరీ నీరసించినప్పుడు రావచ్చు. రాసిపెట్టుకుని చెరిపేయండి. మళ్లీ మళ్లీ వస్తేనే వాటిని నమ్మండి.

క్యాన్ వైరింగ్, అంటే మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల లైను, ఉన్న బండి అయితే బ్యాటరీ తీసి అదే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవండి. సుమారు 60 ఓమ్‌లు ఉండాలి. 120 చూపిస్తే ఆ లైను ఒక చివర ఉండే నిరోధకంతో (టెర్మినేషన్) సంబంధం తెగినట్టు. చాలా బండ్లలో ఆ చివర ఉండేది ఈసీయూలోనే, కాబట్టి దాని కనెక్టర్‌నూ ఆ వైర్లనూ చూడాలి.

బ్యాటరీ, ఆల్టర్నేటర్

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు 9.6 కంటే పడిపోకూడదు. ఇంజిన్ నడిచేటప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే చాలు. మీటరును ఏసీ వోల్టులకు మార్చి ఇంకోసారి చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడ్ పాడై ఉండవచ్చు. ఈసీయూను తికమక పెట్టడానికి అదొక్కటి చాలు.

కరెంటు, ఎర్తు

ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువసార్లు దొరికేదీ ఇక్కడే. ఈసీయూకు ఒక వైరు ఎప్పుడూ కరెంటు ఇస్తుంది, ఇంకొకటి తాళం తిప్పాక ఇస్తుంది, మరొకటి మెయిన్ రిలే (కరెంటును కలిపే, తెంచే స్విచ్చి) ద్వారా వస్తుంది. ఎర్తులు రెండో మూడో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. డయాగ్రమ్‌లో ఒక్కో పిన్నుకూ గుర్తు పెట్టుకుని అన్నీ పరీక్షించండి.

మీటరు ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ మోసపోతారు. వైరులోని పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటును దాదాపుగా లాగదు. ఈసీయూ లాగుతుంది. అందుకే కనెక్టర్ విడదీసి, కరెంటు పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి చూడాలి. సెన్సర్ల పిన్నుల మీద మాత్రం ల్యాంపు ఎప్పుడూ పెట్టవద్దు.

నేను చూసిన ఒక మినీవ్యాన్‌లో మీటరు ప్రతి పిన్నుకూ 12 చూపించింది. కొత్త కంప్యూటర్ కొనడం ఒక్కటే మిగిలింది. ల్యాంపు పెడితే కొడిగట్టిన దీపంలా మినుకుమంది. ఎర్తు వైరు వెంట వెళితే ఇంజిన్ పక్కన బాడీకి బిగించిన బోల్టు దగ్గర తేలింది. పైకి చూస్తే శుభ్రంగా ఉంది. విప్పితే రింగు టెర్మినల్ కింద బిళ్లంత తుప్పు. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాక ల్యాంపు ధగధగలాడింది. బండి మళ్లీ ఆగలేదు.

కనెక్టర్ తిరిగి తగిలించి మరో కొలత తీసుకోండి. స్టార్టర్ తిప్పుతూ, ఈసీయూ ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టులు చూడండి. 0.1 దాటకూడదు.

5 వోల్టుల లైను

సెన్సర్లకు ఈసీయూ 5 వోల్టులు పంపుతుంది. ఒకే లైను మీద చాలా సెన్సర్లుంటాయి. ఒకటి షార్ట్ అయితే లైను మొత్తం పడిపోయి, సంబంధం లేని కోడ్‌లు వరుసకడతాయి, బండి స్టార్ట్ కూడా కాకపోవచ్చు. ఏదైనా సెన్సర్ కనెక్టర్ దగ్గర 5 వోల్టులు లేకపోతే ఆ లైను మీదివాటిని ఒక్కొక్కటిగా పీకుతూ మీటరు చూడండి. ఏది పీకినప్పుడు 5 తిరిగి వచ్చిందో తప్పు దానిదే. అన్నీ పీకినా రాకపోతే, ఈసీయూ కనెక్టర్ కూడా తీసి వైరు ఎక్కడైనా ఎర్తుకు తగులుతోందేమో కొలవండి. తగలకపోతే అప్పుడు ఈసీయూను అనుమానించండి.

వేడి, నీరు

వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్ట్ అయ్యే బండిలో ఈసీయూ లోపలి టంకం చిట్లి ఉండవచ్చు, కెపాసిటర్ ఉబ్బి ఉండవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా హెయిర్ డ్రయర్‌తో ఈసీయూ పెట్టెను మెల్లగా వెచ్చబెట్టండి. స్క్రూడ్రైవర్ పిడితో నెమ్మదిగా తట్టండి. వైర్ల కట్టను మాత్రం విడిగా కదిలించి చూడండి, లేకపోతే తప్పు దేనిదో తెలియదు.

విండ్‌షీల్డ్ అడుగున నీరు పోయే దారులు ఆకులతో పూడిపోతే, కొన్ని మోడళ్లలో ఆ నీరు నేరుగా ఈసీయూ మీదికి దిగుతుంది. కనెక్టర్ విప్పి టార్చి వేసి చూడండి. పిన్నుల మొదట్లో పచ్చగా చిలుము పట్టి ఉంటే కొత్త పెట్టె బిగించే ముందు ఆ పూడిక తీసి, నీరు దాని మీదికి దిగకుండా చూడాలి.

చంపిందెవరో కనిపెట్టాలి

ఒక ఇంజెక్టర్‌కో (పెట్రోలు చిమ్మేది) కాయిల్‌కో (ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చేది) మాత్రమే సంకేతం రాకుండా, వైరు బాగానే ఉంటే ఈసీయూ లోపల దాన్ని నడిపే సర్క్యూట్ (డ్రైవర్) కాలిపోయి ఉంటుంది. అది ఊరికే కాలదు. ఆ ఇంజెక్టరో కాయిలో లోపల షార్ట్ అయి ఎక్కువ కరెంటు లాగి ఉంటుంది. దాని నిరోధం కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. చాలా పెట్రోల్ ఇంజెక్టర్లకు ఇది 12 నుంచి 16 ఓమ్‌లు. ఈ పని చేయకుండా కొత్త ఈసీయూ పెడితే అది కూడా కాలిపోతుంది.

ఏది కొనాలి?

పెట్టె మీది లేబుల్ నంబరును చివరి అక్షరం దాకా పోల్చండి. ఒకే సంవత్సరం బండ్లలో కూడా ఇంజిన్‌ను, గేర్‌బాక్సును బట్టి ఈసీయూలు మారతాయి. నా మట్టుకు నేను ముందు పాతదాన్నే బాగు చేయించమంటాను. అందులో మీ బండి వీఐఎన్ (17 అక్షరాలూ అంకెలూ ఉండే గుర్తింపు నంబరు), తాళాల సమాచారం ఇప్పటికే ఉన్నాయి. అది కుదరకపోతే పాతదానిలోని డేటాను అదే నంబరున్న మరో పెట్టెలోకి ఉన్నదున్నట్టు నకలు (క్లోన్) చేయించవచ్చు. కొత్తది కొంటే ప్రోగ్రామింగ్ తప్పదు. ఇంకో బండి నుంచి తీసిన పెట్టెను ఉన్నదున్నట్టు బిగిస్తే దొంగతనం జరగకుండా కాపాడే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించక ఇంజిన్‌ను ఆపేస్తుంది.

బిగించడం

1. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. ఈసీయూ డాష్‌బోర్డు కింద ఉంటే పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి.
2. బాడీ లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. పిన్నులను వేళ్లతో ముట్టుకోవద్దు.
3. కనెక్టర్ లాక్ మీట పూర్తిగా ఎత్తాకే లాగండి. వైర్లు పట్టుకుని లాగవద్దు.
4. కొత్తదాన్ని పాత బ్రాకెట్‌లోనే బిగించండి. కొన్నింటికి ఆ బోల్టే ఎర్తు, దాని కింద శుభ్రం చేయండి. కనెక్టర్ నేరుగా కూర్చున్నాకే మీట దించండి.
5. బ్యాటరీ తగిలించి, ప్రోగ్రామింగ్ జరిగినంతసేపు నిలకడగా వోల్టేజి ఇచ్చే సప్లయి కలిపి ఉంచండి. మధ్యలో కరెంటు పడిపోతే కొత్త పెట్టె అక్కడే పాడవుతుంది.

తర్వాత స్కానర్‌తో తాళాలను కొత్త పెట్టెతో కలపాలి, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) స్థానాన్ని దానికి నేర్పించాలి, అంటే రీలెర్న్ చేయాలి, కొన్ని బండ్లకు క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని గమనించేది) రీలెర్న్ కూడా చేయాలి. మొదటి కొద్ది ప్రయాణాల్లో ఇంజిన్ నిలకడగా లేకపోవచ్చు, కంప్యూటర్ నేర్చుకుంటూ ఉంటుంది. ఇంతకుముందు బండి ఆగిపోయిన పరిస్థితిలోనే, అంటే ఇంజిన్ బాగా వేడెక్కాక, నడిపి చూడండి. స్కానర్‌లో మానిటర్లన్నీ, అంటే ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలన్నీ, పూర్తయ్యేదాకా పాత పెట్టెను పారేయవద్దు. డేటా మళ్లీ తీయాల్సి వస్తే అది అందులోనే ఉంటుంది.